కడుపులోని బిడ్డకు మద్యం నుంచి రక్షణ ఏది?

గర్భిణుల ఆహారం మీద ఈ శీర్షికలో వచ్చిన జవాబుల తరువాత అందిన ఉత్తరాల్లో మద్యం గురించి అడిగినవే ఎక్కువగా ఉన్నాయి. ఇది మన ఇళ్లకు సంబంధించిన విషయమే కాదని భావించేవారికి ముందుగా ఒక లెక్క చెప్పాలి. 2019–21లో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, పదిహేనేళ్లు దాటిన మహిళల్లో మద్యం తీసుకునేవారు దేశం మొత్తం మీద 1.3 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 0.5 శాతం ఉండగా, తెలంగాణలో 6.7 శాతం ఉన్నారు. తెలంగాణ పల్లెల్లో కల్లు ఆడా మగా కలిసి కూర్చుని తాగే పానీయం. ఉత్తరాలు రాసినవారి కోరిక మేరకు పేర్లు, ఊర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: నాకిప్పుడు మూడో నెల. నెల తప్పిన సంగతి తెలియకముందు ఒక పెళ్లిలోనూ, బోనాల పండుగనాడూ ఇంట్లోవాళ్లతో కలిసి కల్లు తాగాను. తెలిసిన తరువాత మానేశాను. కల్లు చలువ చేస్తుందనీ, తాను నలుగురు పిల్లలను కడుపుతో ఉన్నప్పుడూ తాగుతూనే ఉన్నాననీ మా అత్తమ్మ అంటోంది. నా బిడ్డ అవయవాలకు ఇప్పటికే హాని జరిగిందా? జరిగి ఉంటే స్కానింగులో తెలుస్తుందా?

జవాబు: తెలిసిన వెంటనే మానేశారు కనుక, బిడ్డ కోసం చేయగలిగిన పనుల్లో అన్నింటికంటే పెద్దది మీరు ఇప్పటికే చేశారు. మిగిలినది వివరంగా చెబుతాను.

తల్లి తాగిన ఆల్కహాల్‌ను మాయ (ప్లాసెంటా) ఆపలేదు. కొద్దిసేపట్లోనే తల్లి రక్తంలో ఎంత ఆల్కహాల్ ఉందో బిడ్డ రక్తంలోనూ దాదాపు అంతే చేరుతుంది. తల్లి కాలేయం దాన్ని విరిచివేయగలదు గాని, అందుకు కావలసిన ఎంజైములు పిండం కాలేయంలో చాలా తక్కువ. అందువల్ల ఆల్కహాల్ తిరిగి తల్లి రక్తంలోకి వెళ్లేదాకా బిడ్డ వేచి ఉండవలసిందే. పైగా అది ఉమ్మనీటిలోకి కూడా చేరి, తల్లి రక్తంలో తగ్గిన తరువాత కూడా అక్కడ నిలిచి ఉంటుంది. బిడ్డ ఆ నీటినే మింగుతూ ఉంటుంది.

అవయవాల మాటకొస్తే, ఒక్కొక్కటి ఒక్కో సమయంలో రూపుదిద్దుకుంటుంది కనుక హాని కూడా సమయాన్ని బట్టి మారుతుంది. గర్భం నిలిచిన మూడో వారంలో ముఖానికి, మెదడుకు పునాది పడుతుంది; చిన్న కళ్లు, ముక్కుకూ పెదవికీ మధ్య గాడి లేకపోవడం, పలచని పై పెదవి వంటి లక్షణాలు ఆ రోజుల్లో తగిలిన దెబ్బకు గుర్తులు. గుండె అదే వారం చివర కొట్టుకోవడం మొదలుపెడుతుంది, దాని గదుల మధ్య గోడలు ఎనిమిదో వారం లోపల ఏర్పడతాయి. ఆ పనికి భంగం కలిగితే గుండెలో రంధ్రాలు మిగిలిపోతాయి. మూత్రపిండాల్లో రక్తాన్ని వడకట్టే నెఫ్రాన్లు ఎనిమిదో నెల దాటేవరకూ తయారవుతూనే ఉంటాయి, పుట్టిన తరువాత కొత్తవి రావు. గర్భంలో ఆల్కహాల్ తగిలిన జంతువుల పిల్లల్లో వాటి సంఖ్య తగ్గినట్లు ప్రయోగాలు చూపాయి. మెదడు మాత్రం మొదటి నెల నుంచి కాన్పు దాకా ఎదుగుతూనే ఉంటుంది, కనుక దానికి హాని జరగదని చెప్పగలిగిన నెల ఒక్కటి కూడా లేదు. మూడో నెలలో మానేసినా, ఏడో నెలలో మానేసినా మిగిలిన రోజుల ఎదుగుదలను కాపాడుకున్నట్లేనని దీని అర్థం.

ఒకటి రెండు సార్లు తాగినంత మాత్రాన బిడ్డకు తప్పనిసరిగా హాని జరుగుతుందని భయపడవద్దు. గర్భంతో ఉండగా తాగిన ప్రతి 67 మంది తల్లుల్లో ఒకరికి పూర్తి స్థాయి ఫీటల్ ఆల్కహాల్ సిండ్రోమ్ (కడుపులో తగిలిన ఆల్కహాల్ వల్ల ముఖం, ఎదుగుదల, మెదడు దెబ్బతినే జబ్బు) ఉన్న బిడ్డ పుడుతుందని 2017లో ప్రచురితమైన ఒక అంతర్జాతీయ అంచనా చెప్పింది. తక్కువ స్థాయి ఇబ్బందులు ఇంతకంటే ఎక్కువమందిలో ఉంటాయి. ఎంత తాగారు, ఒక్కసారిగా తాగారా, తల్లి తిండి ఎలా ఉంది, జన్యువులు ఎలాంటివి అన్న వాటన్నిటి మీదా ఫలితం ఆధారపడుతుంది. అందుకే ఇంతవరకూ తాగవచ్చు అనే హద్దును ఏ వైద్య సంస్థా గీయలేకపోయింది.

అయిదో నెలలో, అంటే 18 నుంచి 22 వారాల మధ్య, టిఫా స్కాన్ తప్పక చేయించుకోండి. కల్లు తాగిన సంగతి డాక్టరుకు దాచకుండా చెబితే అవసరమైతే గుండెను ప్రత్యేకంగా చూసే ఫీటల్ ఎకో కూడా రాస్తారు. గుండె, మూత్రపిండాలు, వెన్నెముక, పెదవి ఆకారం స్కాన్లో కనిపిస్తాయి. మెదడు పనితీరు కనిపించదు. అందువల్ల స్కాన్ బాగుందన్న మాటను తిరిగి తాగడానికి అనుమతిగా తీసుకోకూడదు.

మీ అత్తమ్మగారి అనుభవాన్ని నేను కాదనను. తాగినా ఆరోగ్యంగా ఉన్న పిల్లలను కన్న తల్లులు చాలామందే ఉన్నారు. అయితే బడిలో వెనకబడిన పిల్లవాడికీ, తల్లి తాగిన కల్లుకూ సంబంధం ఉండవచ్చని ఆ రోజుల్లో డాక్టర్లకే తెలియదు. ఫ్రాన్సులోని నాంత్ నగరంలో పాల్ లెమోయిన్ అనే పిల్లల డాక్టరు తాగే తల్లులకు పుట్టిన 127 మంది పిల్లల వివరాలు 1968లో ప్రచురించినా పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1973లో అమెరికాలోని సియాటిల్ నుంచి కెన్నెత్ జోన్స్, డేవిడ్ స్మిత్ ఈ జబ్బుకు పేరు పెట్టాకే ప్రపంచం మేల్కొంది. అంతకు కొన్నేళ్ల ముందు నుంచే, నెలలు నిండకుండా వచ్చే నొప్పులను ఆపడానికి ఆస్పత్రుల్లోనే గర్భిణులకు ఆల్కహాల్‌ను సెలైన్‌లా నరంలోకి ఎక్కించే పద్ధతి ఉండేదంటే ఇప్పుడు నమ్మడం కష్టం. గ్రహణం నాడు గర్భిణిని గడప దాటనివ్వని ఇళ్లలో కల్లు ముంత విషయంలో కూడా అంత జాగ్రత్త ఉంటే బాగుండునని నాకు అనిపిస్తుంది.

ప్రశ్న: నేను ఫార్మసీ చదువుతున్నాను. తల్లికి ఇచ్చిన ఆల్కహాల్ వల్ల పిల్ల జంతువుల గుండె, కాలేయం, మెదడు దెబ్బతినకుండా ఫోలిక్ ఆమ్లం, గ్లూటథయోన్, కోలిన్, విటమిన్ ఇ, జింక్ వంటివి కాపాడాయని పరిశోధన పత్రాల్లో చదివాను. అయితే వీటిని గర్భిణులకు మందుగా ఎందుకు ఇవ్వడం లేదు?

జవాబు: మీరు చదివినది నిజమే. దాన్ని చదివే తీరులోనే కొంత జాగ్రత్త కావాలి.

ఆల్కహాల్ పిండానికి ఒక్క దారిలో హాని చేయదు. అది విరిగేటప్పుడు పుట్టే ఎసిటాల్డిహైడ్, కణాల్లో పెరిగిపోయే ఫ్రీ రాడికల్స్ కణాలను చంపుతాయి. ముఖాన్నీ, గుండె గోడల్లో కొంత భాగాన్నీ తయారుచేసే న్యూరల్ క్రెస్ట్ కణాలు వీటికి త్వరగా బలవుతాయి. విటమిన్ ఎ నుంచి రెటినోయిక్ ఆమ్లం తయారయ్యే మార్గానికి ఆల్కహాల్ అడ్డుపడుతుంది. ఫోలేట్ (ఫోలిక్ ఆమ్లం) సరఫరానూ, ఏ జన్యువు ఎప్పుడు పనిచేయాలో నిర్దేశించే మిథైల్ గుర్తులు పడే క్రమాన్నీ చెదరగొడుతుంది. మీరు పేర్కొన్న పదార్థాలు ఒక్కొక్కటీ ఈ దారుల్లో ఏదో ఒకదాన్ని మాత్రమే కొంతవరకు మూయగలవు.

గుండె విషయంలో మంచి పని జరిగింది. అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో మిచికో వాటనబే బృందం, ఎదుగుదల తొలి దశలో ఒక్కసారి ఆల్కహాల్ తగిలిన కముజు పిట్టల పిండాల్లో గుండె లోపాలు ఏర్పడటాన్ని గమనించి, కోలిన్ నుంచి తయారయ్యే బీటైన్ గాని, ఫ్రీ రాడికల్స్‌ను అణిచే గ్లూటథయోన్ గాని ఇచ్చినప్పుడు ఆ లోపాలు తగ్గాయని చూపింది. ఫ్లోరిడాలో కెర్స్టి లినాస్క్ బృందం ఎలుకల మేతలో ఫోలేట్ ఎక్కువగా కలిపి గుండె కవాటాల లోపాలను తగ్గించగలిగింది. ఈ ప్రయోగాల్లో ఆల్కహాల్ ఏ రోజు, ఎంత ఇవ్వాలో పరిశోధకులే నిర్ణయిస్తారు, రక్షణ పదార్థాన్ని కూడా ఆ రోజుకు సరిపోయేటట్లు ఇస్తారు. మన గర్భిణి విషయంలో గుండె గోడలు ఏర్పడే వారాలు చాలాసార్లు నెల తప్పిన సంగతి తెలియకముందే గడిచిపోతాయి. అంతేకాక గుండెకు పనికొచ్చిన మందు మెదడుకు పనికొస్తుందన్న హామీ లేదు.

మనుషుల్లో ఆశ కలిగించిన పదార్థం కోలిన్. దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ ప్రాంతంలో ద్రాక్ష తోటల కూలీలకు వేతనంలో భాగంగా వైన్ ఇచ్చే పాత అలవాటు మిగిల్చిన విషాదం వల్ల ఈ సమస్య చాలా ఎక్కువ. అక్కడ విపరీతంగా తాగే సుమారు 70 మంది గర్భిణుల మీద సాండ్రా జాకబ్సన్ బృందం జరిపి 2018లో ప్రచురించిన పరీక్షలో, గర్భం సగం నుంచి కాన్పు దాకా కొందరికి రోజుకు 2 గ్రాముల కోలిన్, కొందరికి ఉత్తుత్తి పొడి ఇచ్చారు. కోలిన్ తీసుకున్న తల్లుల పిల్లలు పుట్టిన తరువాత బరువులోనూ తల చుట్టుకొలతలోనూ మెరుగ్గా పుంజుకున్నారు, ఏడాది వయసులో చూపు జ్ఞాపకశక్తి పరీక్షల్లో కూడా మెరుగ్గా ఉన్నారు. ఫలితం బాగుంది, పాల్గొన్నవారి సంఖ్య చిన్నది. అందరికీ మందుగా రాయడానికి ఇది సరిపోదు.

రెండో వైపు కూడా చూడాలి. విటమిన్ సి, ఇ పెద్ద మోతాదుల్లో ఇచ్చి ఇదే హానిని ఆపాలని కెనడాలో మొదలుపెట్టిన ఒక పరీక్షను, అవే విటమిన్లు ఇతర గర్భిణులకు ఇచ్చిన చోట భద్రత గురించి ప్రశ్నలు రావడంతో మధ్యలోనే నిలిపివేశారు. రెటినోయిక్ ఆమ్లం తగ్గుతోంది కదా అని విటమిన్ ఎ మాత్రలు ఎక్కువగా మింగితే, అదే స్వయంగా పుట్టుక లోపాలకు కారణమవుతుంది. మందుల దుకాణంలో నిలబడి గర్భిణికి వీటిని సలహాగా చెప్పవద్దని మీ వృత్తిలోకి రాబోతున్న మీకు ప్రత్యేకంగా చెబుతున్నాను.

ఇంత చెప్పాక కూడా పోషకాహారాన్ని తక్కువ చేయడం లేదు. తల్లికి రక్తహీనత ఉంటే అంతే ఆల్కహాల్ బిడ్డ మెదడుకు, ఎదుగుదలకు ఎక్కువ నష్టం చేస్తుందని ఎలుకల మీద ప్రయోగాలు చూపాయి. కేప్‌టౌన్ పిల్లల అధ్యయనాల్లోనూ దీనికి దగ్గరి ఫలితమే వచ్చింది. పైన చెప్పిన సర్వే ప్రకారమే మన దేశ గర్భిణుల్లో 52.2 శాతం మందికి రక్తహీనత ఉంది. కనుక ఆశా కార్యకర్త తెచ్చి ఇచ్చే 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉన్న మాత్రను మింగకుండా డబ్బాలో దాచిపెట్టి, ఖరీదైన గ్లూటథయోన్ గురించి వెతకడంలో అర్థం లేదు. ఒక కోడిగుడ్డులో సుమారు 150 మిల్లీగ్రాముల కోలిన్ ఉంటుంది. గర్భిణికి రోజుకు 450 మిల్లీగ్రాములు కావాలని లెక్క. తెలంగాణలో ఆరోగ్య లక్ష్మి పథకం కింద అంగన్‌వాడీలో పెట్టే భోజనంలో గుడ్డూ పాలూ ఉన్నాయి. తాగడం కొనసాగిస్తూ వీటిని విరుగుడుగా వాడుకోవచ్చునని మాత్రం ఎవరూ అనుకోకూడదు. ఇవి మానేసిన తల్లి బిడ్డకు బలం, మానలేకపోతున్న తల్లి బిడ్డకు కొంత ఊరట.

ప్రశ్న: నాకు కాన్పు అయి మూడు వారాలైంది. మా అమ్మ దశమూలారిష్టం తాగిస్తోంది. సీసా మీద ఆల్కహాల్ ఉందని రాసి ఉంది. పాలిస్తున్నాను, బిడ్డకు ప్రమాదమా?

జవాబు: ఆసవాలు, అరిష్టాలు పులియబెట్టి తయారుచేస్తారు కనుక వాటిలో సహజంగానే ఆల్కహాల్ పుడుతుంది, శాతం ఎంతో సీసా మీదే ఉంటుంది. 8 శాతం ఉన్న అరిష్టం 20 మిల్లీలీటర్లు తాగితే ఒంట్లోకి వెళ్లే ఆల్కహాల్ ఒకటిన్నర గ్రాము లోపే. 5 శాతం ఆల్కహాల్ ఉన్న 650 మిల్లీలీటర్ల బీరు సీసాలో 25 గ్రాములకు పైగా ఉంటుంది. కనుక బాలింత విషయంలో పెద్ద భయం అక్కరలేదు. పాలిచ్చిన వెంటనే తాగి, తరువాతి పాలకు రెండు గంటలు ఎడం ఉంచితే చాలు. ఆల్కహాల్ రక్తంలో తగ్గితే పాలలోనూ తగ్గుతుంది. పాలు పిండి పారబోసినంత మాత్రాన తొందరగా పోదు. గర్భంతో ఉన్నప్పుడు మాత్రం ఏ అరిష్టాన్నీ డాక్టరును అడగకుండా తాగవద్దు.

ప్రశ్న: మా ఆడబిడ్డ అయిదో నెల గర్భిణి. పొద్దునా సాయంత్రం కల్లు లేనిదే ఉండలేదు. తాగకపోతే చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు. అందరం కలిసి గదిలో పెట్టి అయినా మాన్పించాలనుకుంటున్నాం. బిడ్డ కోసమే కదా?

జవాబు: దయచేసి అలా చేయవద్దు. బిడ్డ కోసం అనుకుని చేసే ఈ పని తల్లీబిడ్డలిద్దరి ప్రాణానికీ ముప్పు కావచ్చు.

మీరు చెప్పిన వణుకు, నిద్రలేమి ఆమె శరీరం ఆ పానీయానికి లొంగిపోయిందని చెబుతున్నాయి. ఇలాంటివారు ఒక్కసారిగా మానేస్తే ఒకటి రెండు రోజుల్లో ఫిట్స్, మతిభ్రమణ రావచ్చు, గర్భిణికి ఫిట్స్ వస్తే బిడ్డకు ఆక్సిజన్ అందదు. మన ప్రాంతంలో దీనికి తోడు మరో చిక్కు ఉంది. దుకాణాల్లో దొరికే కల్లులో చాలాచోట్ల తాటి, ఈత చెట్ల రసం తక్కువ, నీళ్లూ చక్కెరా వేసి మత్తు కోసం కలిపే ఆల్ప్రజోలం, డయాజెపాం, క్లోరల్ హైడ్రేట్ ఎక్కువ. 2015లో కల్తీ కల్లు మీద దాడులు జరిగి సరఫరా ఆగినప్పుడు నిజామాబాద్ వంటి జిల్లాల్లో వింత ప్రవర్తనతో, ఫిట్స్‌తో ఆస్పత్రులకు వచ్చినవారు ఎందరో. వాళ్లకు వచ్చిన బాధ కల్లు తాగినందుకు కాక, హఠాత్తుగా దొరకనందుకు వచ్చినది. ఈ మందులు కూడా మాయను దాటుతాయి, పుట్టిన బిడ్డ మగతగా ఉండటానికీ, తరువాత వణకడానికీ కారణం కాగలవు.

ఆమెను జిల్లా ఆస్పత్రికి గాని, ప్రసూతి, మానసిక వైద్య విభాగాలు రెండూ ఉన్న బోధనాసుపత్రికి గాని తీసుకెళ్లండి. గర్భిణి మద్యం మీద ఆధారపడి ఉంటే ఆస్పత్రిలో చేర్చుకుని, పర్యవేక్షణలో మాన్పించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లో ఇచ్చిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. అక్కడ ఫిట్స్ రాకుండా మందులు ఇచ్చి, వాటిని రోజురోజుకూ తగ్గిస్తూ ఆపుతారు. దీర్ఘకాలంగా తాగేవారిలో తరిగిపోయే థయామిన్ (విటమిన్ బి1) ఇంజెక్షన్లు ఇస్తారు. బిడ్డ గుండె చప్పుడు చూస్తూ ఉంటారు. తాగితే వాంతులు పుట్టించే డైసల్ఫిరాం మాత్రలను కొందరు ఇంట్లోవాళ్లు తెలియకుండా అన్నంలో కలుపుతుంటారు. గర్భిణికి అది నిషిద్ధం. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే టెలి మానస్ ఉచిత నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

ఇంకొక మాట. ఆమె రోజూ ఎంత తాగుతోందో డాక్టరుకు నిజం చెప్పాలంటే, మీ ఇంట్లో ఆ నిజం చెప్పినందుకు తిట్లు పడకూడదు. ఏఎన్‌ఎం అడిగినప్పుడు భయపడి లేదని చెప్పే గర్భిణికి ఏ వైద్యమూ అందదు.

ప్రశ్న: నేను తాగను. మా ఆయన రోజూ తాగుతారు. మేము పిల్లల కోసం ప్రయత్నిస్తున్నాం. ఆయన తాగుడు వల్ల బిడ్డ అవయవాలకు ఏమైనా జరుగుతుందా?

జవాబు: ఫీటల్ ఆల్కహాల్ సిండ్రోమ్ తల్లి తాగడం వల్లనే వస్తుంది. అయితే టెక్సాస్‌లో మైకేల్ గోల్డింగ్ బృందం మగ ఎలుకలకు మాత్రమే ఆల్కహాల్ ఇచ్చి చేసిన ప్రయోగాల్లో, వాటి పిల్లల ముఖం, తల ఎముకల ఆకారంలో మార్పులు కనిపించాయి. మనుషుల్లో ఇది ఇంకా నిర్ధారణ కాలేదు. వీర్యకణం తయారు కావడానికి రెండున్నర నెలలు పడుతుంది కనుక, గర్భం కోసం ప్రయత్నించడానికి మూడు నెలల ముందే ఆయన మానేయడం మంచిది. ప్రయోగాలను పక్కన పెట్టినా, తాగే భర్త ఉన్న ఇంట్లో గర్భిణి తిండికీ, నిద్రకూ, ఒక్కోచోట ఒంటికీ పడే దెబ్బలు మనకు తెలియనివి కావు.

ప్రశ్న: మేము శిశుగృహం నుంచి ఒక బాబును దత్తత తీసుకున్నాం. ఇప్పుడు నాలుగేళ్లు. గుండెలో రంధ్రానికి ఆపరేషన్ అయింది. కన్నతల్లి తాగేదని కాగితాల్లో ఉంది. బాబు ఒక చోట కుదురుగా ఉండడు, పొద్దున నేర్పింది సాయంత్రానికి మరచిపోతాడు. ఇప్పుడు కాపాడుకోవడానికి ఏమైనా మిగిలి ఉందా?

జవాబు: చాలా ఉంది. సియాటిల్‌లో ఆన్ స్ట్రైస్‌గుత్ బృందం ఇలాంటి 415 మందిని పరిశీలించి 1996లో వెల్లడించిన ఫలితాల్లో, ఆరేళ్ల లోపల జబ్బును గుర్తించిన వారికీ, నిలకడైన ప్రేమగల ఇంట్లో పెరిగిన వారికీ పెద్దయ్యాక చదువు ఆగిపోవడం, చట్టంతో చిక్కులు, మత్తు అలవాట్లు తక్కువగా ఉన్నాయి. మీ బాబుకు ఈ రెండూ అందే వయసు ఇదే.

ముందుగా శరీరం సంగతి చూసుకోండి. గుండె డాక్టరు చెప్పిన ఎకో పరీక్షలు మానవద్దు. ఆల్కహాల్ తగిలిన పిల్లల్లో కంటి నరం సన్నబడటం, వినికిడి లోపం ఉండవచ్చు. వినపడని పిల్లవాడు మాట వినని పిల్లవాడిలా కనిపిస్తాడు కనుక కళ్లు, చెవులు రెండూ పరీక్ష చేయించండి. మూత్రపిండాలకు ఒకసారి అల్ట్రాసౌండ్ చేయించి, ఏటా రక్తపోటు చూపించండి. తరువాత 2013 నుంచి నడుస్తున్న రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా కేంద్రంలో ఉండే ఎర్లీ ఇంటర్వెన్షన్ కేంద్రానికి తీసుకెళ్లి ఎదుగుదల పరీక్ష చేయించండి. కన్నతల్లి కాగితాలు తప్పక చూపండి, లేకపోతే దీన్ని మామూలు చలాకీతనంగా జమకట్టే అవకాశం ఉంది.

ఇంట్లో రోజు ఒకే క్రమంలో నడవాలి: లేవడం, పళ్లు తోముకోవడం, తినడం, ఆడటం, పడుకోవడం అన్నీ ఒకే వేళకు. ఒకసారి ఒక్క పనే చెప్పండి; «చెప్పులు తీసి, చేతులు కడుక్కుని, సంచి లోపల పెట్టి రా» అంటే మొదటిది మాత్రమే గుర్తుంటుంది. బొమ్మలు గీసిన పట్టిక గోడకు తగిలిస్తే మాటకంటే బాగా పనిచేస్తుంది. మరచిపోయినందుకు దండిస్తే ఉపయోగం లేదు, ఎందుకంటే దండన ఎందుకో కూడా మరచిపోతాడు. కుదురు లేకపోవడం చదువుకు అడ్డం వచ్చే వయసులో పిల్లల మానసిక వైద్యుడు మందులు సూచించవచ్చు. అవి ఈ పిల్లల్లో అందరికీ ఒకేలా పనిచేయవు కనుక తక్కువ మోతాదుతో మొదలుపెట్టి చూస్తారు, గుండె ఆపరేషన్ సంగతి ముందే చెప్పండి. బడిలో చేర్చేటప్పుడు టీచరుకు డాక్టరు రాసిన కాగితం ఇచ్చి, ముందు వరుసలో కూర్చోబెట్టమనీ, పరీక్షకు అదనపు సమయం ఇవ్వమనీ అడగండి.